సర్కారు నాటిన తుమ్మ



సోలాపూర్ చద్దరు తెలియని ఇల్లు మన సరిహద్దు జిల్లాల్లో అరుదు. దాన్ని నేసిన చేతుల్లో చాలా భాగం తెలంగాణ నుంచి వలస వెళ్ళిన పద్మశాలీలవే. తూర్పు సోలాపూర్ పేటల్లో ఇవాళ్టికీ మన తెలుగు వినిపిస్తుంది. ఆ పేటలు దాటి బీళ్ళలోకి వెళ్తే మరో వలసజీవి ఎదురవుతుంది. అదే సర్కారు తుమ్మ. మరాఠీలో దాని పేరు వేడీ బాభూళ్, అంటే పిచ్చి తుమ్మ.

మన పేరులోనే దాని చరిత్ర ఉంది. 1877-78 ప్రాంతంలో, మహాకరువు రోజుల్లో, జమైకా నుంచి తెప్పించిన విత్తనాలను కడప జిల్లా కమలాపురంలో సర్కారు నాటించింది. వానలు లేకపోయినా బతుకుతుంది, వంటచెరకు ఇస్తుందని ఆశ. ఆ 1877లోనే సోలాపూర్‌లో బట్టల మిల్లు నడక మొదలుపెట్టింది. మనవాళ్ళు మగ్గాన్ని వెతుక్కుంటూ వెళ్ళారు. ఈ చెట్టు మాత్రం మేకల వెంట, పశువుల వెంట ఊళ్ళు దాటింది. అవి కాయలు తింటాయి; గింజ అరగకుండా పేడలో పడి మొలుస్తుంది. ఆకును మాత్రం ముట్టవు.

బీదల పొయ్యికి అది కట్టెనిచ్చింది, కాదనలేం. కాని నష్టపోయింది గడ్డినేల. సోలాపూర్ చుట్టుపక్కల వానలు తక్కువ. అక్కడి సహజ సంపద పచ్చికబయళ్ళు, మధ్యమధ్య నల్లతుమ్మ, రేగు. బట్టమేక పిట్ట ఒకే ఒక గుడ్డును ఆ నేలమీదే పెడుతుంది. నలుదిక్కులా కనబడే బయలు దానికి కావాలి. దాని కోసమే 1979లో నన్నజ్ ప్రాంతాన్ని అభయారణ్యంగా ప్రకటించారు. అయినా గడ్డినేలను బంజరనుకొని గ్లైరిసీడియా వంటి పరాయి చెట్లు నాటారు. సాగు విస్తరణ, కరెంటు తీగలు కూడా తోడై, ఆ పిట్ట అక్కడ వేళ్ళమీద లెక్కించేంతకు తగ్గిపోయింది. మన నంద్యాల జిల్లా రోళ్ళపాడుదీ ఇంచుమించు ఇదే కథ.

మరి ఏం చెయ్యాలి? సర్కారు తుమ్మను పైపైన నరికితే మోడు నుంచి మళ్ళీ గుబురుగా చిగురిస్తుంది. మొదలును వేరుతో సహా తవ్వి తీయాలి. కాయలు రాలకముందే తీయడం మేలు. ఖాళీ అయిన చోట స్థానిక గడ్డి విత్తనం చల్లి, కొన్నాళ్ళు మేత ఆపాలి. కట్టె మీద బతికేవాళ్ళకు వేరే ఆధారం చూపి, విడతలవారీగా చెయ్యాలి. లేకపోతే పిట్టను కాపాడే భారమంతా బీదవాడి పొయ్యి మీద పడుతుంది.

కాబట్టి శ్రోతలారా, మీ ఊరి బీడులో మొక్క నాటే ముందు పెద్దలను ఒక్క మాట అడగండి: ఇక్కడ మొదట ఏం పెరిగేది? గడ్డి అని వాళ్ళు చెబితే, గడ్డినే పెరగనివ్వండి. చెట్టు లేని నేలంతా చెడిన నేల కాదు.