ఫిలడెల్ఫియా క్రోమోజోము నుంచి ఇమాటినిబ్ దాకా

కణంలోని ప్రొటీన్లకు ఫాస్ఫేటును తగిలించి, తద్వారా వాటి పనిని మొదలుపెట్టించే లేక ఆపించే ఎంజైములను ప్రొటీన్ కైనేజ్‌లు అంటారు. 1950ల నడుమ సియాటిల్‌లో ఎడ్మండ్ ఫిషర్, ఎడ్విన్ క్రెబ్స్ కండరాలలో గ్లైకోజెన్ విచ్ఛిత్తిని పరిశోధిస్తూ ఈ ఏర్పాటును గుర్తించారు. అందుకు నోబెల్ బహుమతి 1992లో గాని రాలేదు. కైనేజ్‌లు ఫాస్ఫేటును తీసుకొనేది ఏటీపీ అనే అణువు నుంచి. దానిని 1929లో జర్మనీలో కార్ల్ లోమన్ ఒకవైపు, హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు మరొకవైపు కనుగొన్నారు.

దీర్ఘకాలిక మైలాయిడ్ ల్యుకేమియా అనేది ఎముక మజ్జలో తెల్ల రక్తకణాలు అదుపు లేకుండా పెరిగే రక్త క్యాన్సరు. 1960లో ఫిలడెల్ఫియాలో పీటర్ నోవెల్, డేవిడ్ హంగర్‌ఫర్డ్ ఆ రోగుల కణాలలో అసహజంగా పొట్టిగా ఉన్న క్రోమోజోమును చూశారు గాని, దాని వెనుక ఒక కైనేజ్ ఉన్నదని అప్పట్లో ఊహించగలిగిన వారు లేరు. 9వ, 22వ క్రోమోజోములు తెగి కొసలు మార్చుకోవడమే ఆ పొట్టితనానికి కారణమని 1973లో చికాగోలో జానెట్ రౌలీ తేల్చారు. ఆ మార్పిడిలో ఏబీఎల్ జన్యువు బీసీఆర్ జన్యువుకు అతుక్కుంటుందనీ, వాటినుంచి పుట్టే ప్రొటీను టైరోసిన్ అనే అమైనో ఆమ్లానికి ఫాస్ఫేటు తగిలించే కైనేజ్ అనీ 1980లలో బయటపడింది. అసలు టైరోసిన్‌కు ఫాస్ఫేటు చేరుతుందన్న సంగతి 1979లో టోనీ హంటర్‌కు తెలిసింది కూడా, అమైనో ఆమ్లాలను మచ్చలుగా విడదీసేందుకు ఆమ్లత పెరిగిన పాత ద్రావణాన్నే మళ్లీ వాడడం వల్ల. తాజా ద్రావణమైతే ఫాస్ఫేటు చేరిన టైరోసిన్ మచ్చ మరో అమైనో ఆమ్లపు మచ్చలో కలిసిపోయి ఉండేది.

మామూలు ఏబీఎల్ తన్ను తాను అదుపులో ఉంచుకొని, అవసరమైనప్పుడే పనిచేస్తుంది. బీసీఆర్ అతికిన ఏబీఎల్ ఆ అదుపు కోల్పోయి, విభజించుకొమ్మనే ఆజ్ఞను కణానికి నిరంతరం పంపుతుంది. మనిషిలో ఐదు వందలకు పైగా ఉన్న కైనేజ్‌లన్నింటికీ ఏటీపీ చేరే గూడు ఇంచుమించు ఒకే తీరున ఉండడం వల్ల, ఒక్కదానినే ఆపే మందు సాధ్యం కాదని చాలామంది నమ్మారు. ఆ నమ్మకం తప్పని నికొలస్ లైడన్ బృందం స్విట్జర్లాండ్‌లోని సీబా-గైగీ సంస్థలో తయారుచేసిన ఇమాటినిబ్ రుజువు చేసింది; అది ఏబీఎల్ పనిచేయని రూపంలో ఉన్నప్పుడు గూటిలో చేరి, దానిని అక్కడే బంధిస్తుంది. బ్రయన్ డ్రుకర్ 1998లో రోగులపై పరీక్షలు ప్రారంభించగా, 2001లో అమెరికా అనుమతి లభించింది.

భారతదేశంలో ఈ కథ న్యాయస్థానానికి చేరింది. హైదరాబాదుకు చెందిన నాట్కో వంటి సంస్థలు ఇదే మందును పదో వంతుకన్నా తక్కువ ధరకు అమ్ముతుండగా, ఇమాటినిబ్ మెసిలేట్ బీటా స్ఫటిక రూపానికి, సీబా-గైగీ విలీనంతో ఏర్పడిన నోవార్టిస్ సంస్థ కోరిన పేటెంటును 2013 ఏప్రిల్ 1న సుప్రీంకోర్టు తిరస్కరించింది.