పేటెంట్ క్లెయిమ్ చదవడం ఎలా: గ్లివెక్ కేసు

పేటెంట్‌లో హక్కు కోరే వాక్యమే క్లెయిమ్. అందులోని విషయం ముందే వెల్లడై ఉంటే హక్కు రాదు. రక్తక్యాన్సర్ మందు గ్లివెక్ కేసు ఇందుకు ఉదాహరణ. ఇమాటినిబ్ మెసిలేట్ బీటా స్ఫటిక రూపానికి నోవార్టిస్ 1998లో చెన్నైలో దరఖాస్తు చేసింది. మన హైదరాబాద్ నాట్కో అభ్యంతరం తెలిపింది.

మెసిలేట్ లవణం పాత జిమ్మర్‌మన్ పేటెంట్ పరిధిలోదే గాని, అందులో వెల్లడి కాలేదని నోవార్టిస్ వాదన. కానీ ఆ పేటెంట్ చూపించే 2004లో బ్రిటన్‌లో నాట్కో మందు అమ్మవద్దని నోటీసిచ్చింది. పరిధికీ వెల్లడికీ అంత ఎడం కుదరదని 2013 ఏప్రిల్ 1న సుప్రీంకోర్టు తేల్చింది. చికిత్సా ఫలితం పెరిగిందని రుజువు కానందున బీటా రూపం సెక్షన్ 3(డి) దగ్గరే ఆగింది.

అప్పట్లో గ్లివెక్ నెలకు సుమారు 1,20,000 రూపాయలు, జెనరిక్ 8,000–10,000. వర్తూరు సభ్యులకు మేము చెప్పేదొకటే: క్లెయిమ్‌లో ప్రతి మాటకూ ఒక రోగి ఇంటి ఖర్చు ముడిపడి ఉంటుంది.