వంశధార పద్దులో లేనివాళ్ళు

శ్రీముఖలింగం వెళ్ళినవాళ్ళు మధుకేశ్వరుడికి దణ్ణం పెట్టుకుని, గోడల మీది శిల్పాలు చూసి వచ్చేస్తారు. పక్కనే పారే వంశధార దాకా వెళ్ళేవాళ్ళు తక్కువ. తూర్పు గాంగుల కళింగనగరం ఇదేనంటారు చరిత్రకారులు. ఆ రాజధానికి అన్నం పెట్టింది ఈ ఏరే కదా! పన్నెండో శతాబ్దంలో అనంతవర్మ చోడగంగదేవుడు రాజధానిని కటకానికి మార్చాడు. రాజు వెళ్ళాడు గానీ ఏరు ఇక్కడే ఉండిపోయింది.

ఏటికి అడ్డంగా గీత పడింది మాత్రం 1936 ఏప్రిల్ 1న, ఒరిస్సా ఏర్పడ్డ రోజు. అప్పటిదాకా మద్రాసు రాష్ట్రంలో ఉన్న గుణుపూరు, పర్లాకిమిడి అటు వెళ్ళాయి. ముఖలింగం శాసనాలు చదివిన గిడుగు రామమూర్తి అది సహించలేక పర్లాకిమిడి వదిలి రాజమండ్రి చేరారు. మనుషుల్ని విడదీసిన గీతే తర్వాత నీళ్ళ తగువు అయింది. చెరి సగమని 1962లోనే అనుకున్నారు. అయినా తగువు తెగక 2010లో ట్రిబ్యునల్ వచ్చింది. గొట్టా బ్యారేజీ దాకా నమ్మదగిన నీరు ఏడాదికి 115 టీఎంసీలని లెక్కకట్టి, 2017లో అదే సగం మాట ఖాయం చేసింది.

‘నమ్మదగిన’ అంటే నాలుగేళ్ళలో మూడేళ్ళయినా వచ్చే నీరు. ఆ లెక్క పాత వానలది. నా భయం అక్కడే. సముద్రం వేడెక్కేకొద్దీ తుఫానులు తెచ్చే వాన పెరుగుతోంది. 2018 అక్టోబరులో తిత్లీ వచ్చినప్పుడు వంశధార పొలాల మీద పడింది. పద్దులో అవీ నీళ్ళే, రైతుకి మాత్రం నష్టం. అదే ఏరు ఎండాకాలంలో చాలాచోట్ల ఇసుక మేట.

ఇంకో సంగతి. వంశధార పుట్టేది నియమగిరి కొండల్లో. బాక్సైట్ కోసం ఆ కొండ తవ్వాలా వద్దా అని 2013లో సుప్రీంకోర్టు గ్రామసభల్ని అడగమంది. పన్నెండు ఊళ్ళూ వద్దన్నాయి. ఆ ఊళ్ళ కోందులు కాపాడుకున్నది తమ దేవుణ్ణి. దాంతోపాటు మన ఏటి పుట్టుకనీ కాపాడారు.

ముఖలింగం గుడిలో అఖండదీపానికి దానమిచ్చినవాళ్ళ పేర్లు రాతి మీద చెక్కారు. నీళ్ళ పంపకంలో మాత్రం రెండు రాష్ట్రాల పేర్లే ఉన్నాయి. మళ్ళీ ఎప్పుడైనా ఈ లెక్కకు కూర్చుంటే, ఆ పన్నెండు ఊళ్ళవాళ్ళనీ పిలవాలి. వాటా ఎంతో తేల్చుకునే ముందు, ఏరు ఏరుగా మిగలడానికి ఏం కావాలో చెప్పగలిగేది వాళ్ళే.