పిలుపు నుంచి పెట్టుబడి దాకా

టాటానగర్ స్టేషన్‌కు దగ్గరలోని పర్సుడీహ్‌లో మీరు ఉంటున్నట్లయితే, జంషెడ్‌పూర్ ఉక్కు కర్మాగారం మీకు కొత్త కాదు. దానికి తొలి పెట్టుబడి ఎలా వచ్చిందో తెలుసా?

టాటాలు మొదట లండన్‌లో ప్రయత్నించారు, ఫలించలేదు. స్వదేశీ ఉద్యమం సాగుతున్న 1907లో, బొంబాయిలో వాటాల ప్రకటన వెలువరించారు. మూడు వారాల్లోనే సుమారు 8,000 మంది భారతీయులు మూలధనమంతా సమకూర్చారు. అప్పటికి మన దేశంలో రేడియో ప్రసారాలు కూడా లేవు. అచ్చుకాగితం, నోటిమాట, టాటాల మీద నమ్మకం - ఇవే సాధనాలు.

ఇక 2014కు వద్దాం. హైదరాబాద్ పాత్రికేయురాలు మంజులత కళానిధి ఫేస్‌బుక్‌లో 'రైస్ బకెట్ ఛాలెంజ్' ప్రారంభించారు. బకెట్ బియ్యం పేదలకు ఇవ్వాలి, ఫోటో పెట్టాలి, మిత్రులనూ అలా చేయమనాలి. దాంతో దాత ప్రతి ఒక్కరూ ప్రచారకులయ్యారు. బియ్యం నేరుగా అవసరమైనవారి చేతికే అందింది.

వ్యాపార సంస్థలకు ఇంకో సౌకర్యం ఉంది. మీరు ఏం చూస్తున్నారో, ఏది వెతుకుతున్నారో లెక్కగట్టి, అందుకు తగిన ప్రకటనను సామాజిక మాధ్యమాలు మీకు చూపుతాయి. 1907 నాటి ప్రకటన అందరికీ ఒక్కటే. అందులో తప్పుంటే నలుగురూ పట్టుకోగలరు. నేడు మీకు కనిపించే ప్రకటన మీ పక్కింటివారికి కనిపించకపోవచ్చు. కనుక సరిచూసే భారం మీపైనే పడింది.

విరాళం కోరుతూ సందేశం వస్తే మూడు ప్రశ్నలు వేయండి: అడిగేది ఎవరు? డబ్బు ఎవరి ఖాతాకు చేరుతుంది? లెక్క చూపుతారా? పిలుపు ఎంత వేగంగా వచ్చినా, జవాబు దొరికేదాకా ఆగడంలో నష్టం లేదు.