కట్ట, మత్తడి, వంతెన

సికింద్రాబాదునుండి కాజీపేటకు పోవు రైలుమార్గమున, జనగామ దాటిన పిమ్మట స్టేషన్ ఘన్‌పూర్ అను ఊరు వచ్చును. పేరునకు ముందు 'స్టేషన్' అను మాట నిలిచిపోవుట కొత్తవారికి వింతగా తోచవచ్చును. ఉమ్మడి వరంగల్ జిల్లాలోనే ములుగు వైపున మరియొక ఘన్‌పూర్ కలదు. కాకతీయుల నాటి గుళ్ల సముదాయముచేత అది ప్రసిద్ధము. ఆ గుళ్ల ఘన్‌పూరునుండి ఈ ఘన్‌పూరును వేరుచేయుటకు రైలుస్టేషనే ఆనవాలుగా ఉపకరించుచున్నది. 2016లో జిల్లాలను పునర్వ్యవస్థీకరించినప్పుడు ఈ ఊరు జనగామ జిల్లాలో చేరినది.

ఈ విధముగా ఒక ఇంజనీరింగు నిర్మాణము ఊరిపేరులోనే చేరిపోయినది. కాని ఈ ప్రాంతమున రైలు రాకకు ఆరు వందల యేండ్లకు పూర్వమే మరియొక ఇంజనీరింగు వేళ్లూనియున్నది. అది చెరువుల ఇంజనీరింగు. చెరువు కట్ట ఒకటి, రైలు కట్ట ఒకటి, ఈ రెండు మట్టికట్టల కథను కలిపి చూచినచో ఇంజనీరింగు అను విద్య యొక్క స్వభావము మనకు కొంత తెలియగలదు. అందులకే ఈ ప్రసంగము.

ఇంజనీరు అనగా ఇంజనును నడపువాడో, యంత్రములు చేయువాడో అని సామాన్యముగా అనుకొందురు. నిజమునకు ఈ రెండు మాటలును లాటిను భాషలోని 'ఇంగేనియము' అను పదమునుండి వచ్చినవి. పుట్టుకతో వచ్చిన తెలివి, యుక్తి అని దానికి అర్థము. ఆ యుక్తి యెక్కడ కనబడును? ఎంత ఎత్తు కట్టిరి, ఎంత పొడవు కట్టిరి అని మనము లెక్కలు చెప్పుకొని ఆనందింతుము. అవి గొప్పవే. అయినను, నీటిని ఆపుటలో కంటె, ఆపరాని నీటికి దారి విడుచుటలోనే ఆ యుక్తికి నిజమైన పరీక్ష యున్నదని మా అభిప్రాయము.

చెరువును తీసికొందము. తెలంగాణమున చెరువునకు ముఖ్యమైన అంగములు మూడు: కట్ట, తూము, మత్తడి. కట్ట నీటిని నిలుపును. తూము ఆయకట్టునకు కావలసినంత నీటిని విడుచును. మత్తడి చెరువు నిండిన పిమ్మట వచ్చు అదనపు నీటిని ప్రక్కకు పంపును. కోస్తావారు దీనినే కళింగ అనియు, అలుగు అనియు అందురు. ఈ మూడింటిలో చూపరుల కన్ను పడునది కట్టమీద. కాని మట్టికట్ట రాతిగోడ వంటిది కాదు. రాతికట్టడము మీదుగా నీరు పొర్లినను అది నిలువవచ్చును. మట్టికట్ట మీదుగా జానెడు నీరు కొంతసేపు పొర్లినచో చాలును, వెనుకవైపు మట్టి కోసుకొనిపోయి గండి పడును. అందుచేత మత్తడి తల ఎల్లప్పుడును కట్ట తలకంటె తగినంత దిగువగా నుండవలెను. ఆ మధ్య విడిచిన ఎత్తు వట్టిగా పోయినట్లు రైతునకు కనబడవచ్చును. మత్తడిని ఒక మూర పెంచినచో మరి కొన్ని ఎకరములు పారునుగదా అని అతడు అడుగును. ఆ ఆశకు లొంగక, ఏ పాతికేండ్లకో ముప్పదేండ్లకో ఒకమారు వచ్చు వానకొరకు ఆ ఎత్తును ఖాళీగా విడిచినవాడే ఇంజనీరు.

కాకతీయుల కాలమున ఈ విద్య మన ప్రాంతమున ఉచ్చస్థితికి వచ్చినది. గణపతిదేవుడు 1199 నుండి 1262 వరకు రాజ్యమేలెను. పాకాల, రామప్ప, లక్నవరం చెరువులు ఆ వంశము నాటివి. గుట్టకును గుట్టకును నడుమనున్న సందును కట్టతో మూసి, ప్రకృతి యిచ్చిన గోడలకు మనిషి ఒక చిన్నగోడను కలుపుట వారి పద్ధతి. పెద్ద చెరువులతోపాటు చిన్నచిన్న చెరువులను గొలుసుకట్టుగా కూర్చిరి. పై చెరువు మత్తడి దూకిన నీరు క్రింది చెరువును నింపును. అది నిండి దూకిన నీరు ఆ క్రిందిదానిని చేరును. వాననీరు వాగులో కలిసి వెళ్లిపోకముందే నాలుగైదు ఊళ్లకు పనిచేసి పోవుచుండెను.

ఈ గొలుసులో ఒక మేలును, ఒక ముప్పును కలవు. పైవాని మిగులు క్రిందివానికి జీవనమగుట మేలు. పైకట్ట తెగినచో ఆ నీరంతయు ఒక్కమారుగా క్రిందికట్టపై పడుట ముప్పు. కనుక ఏ చెరువును ఒంటరిది కాదు. తన కట్టను మాత్రమే చూచుకొన్న మేస్త్రీ సగము పనియే చేసినవాడగును.

మన పెద్దలు ఈ విషయములను ఊహకు విడువక శాసనములలో చెక్కించిరి. కడప మండలమున పోరుమామిళ్ల చెరువునొద్ద 1369 నాటి శాసనము కలదు. విజయనగర ప్రభువైన బుక్కరాయల కుమారుడు భాస్కర భవదూరుడు ఆ చెరువును కట్టించెను. మంచి చెరువునకు పండ్రెండు అంగములును, చెడ్డ చెరువునకు ఆరు దోషములును ఆ శాసనము లెక్కించినది. ధర్మబుద్ధియు ధనమును గల ప్రభువు, జలశాస్త్రము తెలిసిన పండితుడు, గట్టి నేల, తీయని నీటి నది, కొండల నడుమ అతి పొడవు కాని దిట్టమైన రాతికట్ట, దగ్గరలో పొడవైన రాళ్లు దొరకు గని, చుట్టును సమతలమైన సారవంతపు పొలములు, పనిలో ఆరితేరిన మనుష్యులు ఆ పండ్రెండింటిలోనివి. కట్టనుండి నీరు ఊరుట, చవుడు నేల, రెండు రాజ్యముల సరిహద్దున నుండుట, చెరువు నడుమ మిట్ట యుండుట, నీరు కొంచెమై సాగుభూమి మిక్కిలి యగుట, నీరు మిక్కిలియై చోటు కొంచెమగుట, ఇవి ఆరు దోషములు.

ఈ పట్టికను శ్రోతలు నిదానముగా ఆలోచింప గోరుచున్నాము. ఇందులో శాస్త్రమున్నది, చేతిపని యున్నది, లోకవ్యవహారమును ఉన్నది. పండితుడెంత ముఖ్యమో పనివారును అంతయే ముఖ్యమని శాసనకర్త యెరుగును. దినమునకు వేయిమంది కూలీలు, రాతిపనికి నూరు బండ్లు, రెండు సంవత్సరములు పనిచేసినట్లు కూడ అందే కలదు. రెండు రాజ్యముల నడుమ చెరువు తగదనుట మట్టికి సంబంధించిన మాట కాదు; తగవులకు సంబంధించినది. నేటి నదీజలముల వివాదములను చూచుచున్న మనకు ఆ మాటలోని అనుభవమెంతటిదో తెలియును. ఇక కడపటి దోషము, అనగా నీటికి తగిన చోటు లేకుండుట, మనము ముందు చెప్పిన మత్తడి విషయమే.

ఇట్టి చెరువుల నేలమీదికి రైలు వచ్చినది. వాడినుండి సికింద్రాబాదు వరకు మార్గము 1874లో తెరవబడినది. అది తూర్పునకు సాగి 1886లో వరంగల్లును, 1889లో బెజవాడను చేరినది. రైలునకు మిట్టపల్లములు పనికిరావు గనుక పల్లములలో మట్టి పోసి కట్ట వేయవలెను. చెరువు కట్ట నీటిని ఆపుటకు పుట్టినది. రైలు కట్ట నీటిని ఆపవలెనని ఎవరును కోరలేదు. అయినను వాలునకు అడ్డముగా వేసిన ప్రతి కట్టయు, వేసినవాడు కోరినను కోరకున్నను, నీటికి అడ్డమే యగును. అందుచేతనే రైలు కట్టకు అచ్చటచ్చట తూములును, వాగుల మీద వంతెనలును ఉంచిరి. చెరువునకు మత్తడి యెట్టిదో రైలు కట్టకు వంతెన కన్ను అట్టిది.

వంతెన కన్ను ఎంత వెడల్పు ఉండవలెను? ఇదియే ప్రశ్న. వెడల్పు పెరిగిన కొలది ఖర్చు పెరుగును. తగ్గినచో వరదనీరు ఇరుకున బడి వేగము పెంచుకొని, స్తంభముల క్రిందనున్న ఇసుకను త్రవ్వుకొనిపోవును. వంతెన పైబరువు చేతకంటె క్రిందిపట్టు జారుటచేత పడిపోవుట ఎక్కువ. ఇసుకలో పునాది నిలుపుట ఎంత కష్టమో ధవళేశ్వరము ఆనకట్టను 1847–1852 మధ్య కట్టించిన ఆర్థర్ కాటను ఎరుగును. లోతు తెలియని ఇసుకలో పునాది వేయు ఉపాయమును కావేరి మీది ప్రాచీనమైన కల్లణైని చూచి, నాటి దేశీయ నిర్మాతలనుండి తాము నేర్చుకొంటిమని అతడు దాపరికము లేక ఒప్పుకొనెను. తనకు పూర్వము పనిచేసినవానినుండి నేర్చుకొనుట కూడ ఈ విద్యకు ఒక లక్షణము.

గొలుసుకట్టు ముప్పు ఎంతటిదో 1908 సెప్టెంబరు 28న మూసీ వరద హైదరాబాదునకు చూపినది. వేలకొలది జనులు మరణించిరి. మరుసటి సంవత్సరము నిజాము ప్రభుత్వము పిలువగా వచ్చిన మోక్షగుండం విశ్వేశ్వరయ్య మొదట నగరమును గాక నగరమునకు ఎగువనున్న పరీవాహక ప్రాంతమును పరిశీలించెను. అచ్చట 788 చెరువులు ఉండగా వానిలో 221 తెగిపోయినవని తేలినది. నగరములోని వరదకు కారణము నగరములో మాత్రమే లేదు. ఎగువను జలాశయములు కట్టి, వరదను పట్టుటకు వానిలో చోటు ఖాళీగా నుంచవలెనని ఆయన సూచించెను. ఆ ప్రకారమే మూసీపై ఉస్మాన్‌సాగర్ 1920లోను, ఈసీపై హిమాయత్‌సాగర్ 1927లోను పూర్తియైనవి. ఖాళీగా నుంచిన చోటే రక్షణయను పాత సూత్రము ఇక్కడ పెద్ద కొలతలో మరల కనబడుచున్నది.

రైలు విషయములో ఈ పాఠమునకు మనము మిక్కిలి మూల్యము చెల్లించితిమి. 1954 సెప్టెంబరు నెల చివర, స్టేషన్ ఘన్‌పూర్ ఉన్న ఈ మార్గముననే, జనగామ సమీపమున వాగుమీది వంతెన వరదకు కూలి ప్రయాణికుల బండి నీటిలో పడినది. నూరుమందికి పైగా ప్రాణములు కోల్పోయిరి. 1956 సెప్టెంబరులో మహబూబ్‌నగర్ సమీపమున అట్టిదే మరియొక దుర్ఘటన జరిగినది. అప్పటి రైల్వేమంత్రి లాల్ బహదూర్ శాస్త్రి రాజీనామా ఇయ్యగా ప్రధానమంత్రి నెహ్రూ అంగీకరింపలేదు. ఆ నవంబరులో అరియలూరు ప్రమాదము తరువాత మరల ఇచ్చిన రాజీనామాను అంగీకరించెను. అర్ధశతాబ్ది గడచిన పిమ్మట, 2005 అక్టోబరు 29న, వలిగొండ సమీపమున ఎగువ చెరువు నీరు ఒక్కమారుగా వచ్చి పట్టాల క్రింది కట్టను కోసికొనిపోగా డెల్టా ప్యాసింజరు పడిపోయి నూరుమందికి పైగా మరణించిరి. చెరువు కట్ట కథయు రైలు కట్ట కథయు అచ్చట ఒక్కటైనవి. చెరువు ఒకరి లెక్కలోనిది, పట్టాలు మరియొకరి లెక్కలోనివి. నీటికి మాత్రము ఆ భేదము తెలియదు.

ఇక పోషణ మాట. కట్టుట ఒకనాటి పని, కాపాడుట ప్రతినాటి పని. పూర్వము చెరువు కట్టించి కాపాడువారికి దశబంధమని మాన్యము నిచ్చెడి ఆచారముండెను. తూము తెరచి మూయుటకు, కట్టమీద ఎండ్రకాయల బొరియలు కనిపెట్టుటకు, మత్తడి దగ్గర పొదలు పెరుగకుండ చూచుటకు ఊరూర నీరటివాడు ఉండెను. మట్టిపనికి వడ్డెరలుండిరి. వారి పేర్లు శాసనములలో కనబడవు గాని, వారు లేనిచో శాసనములలోని చెరువులు నేటికి మిగిలియుండవు. అట్లే రైలుమార్గమున వానకాలపు రాత్రులయందు గ్యాంగుమన్ దీపము చేతబట్టి పట్టాల వెంట నడచి, వాగు నీరు గుర్తుదాటినదా యని చూచుచుండును. నీరటివాని పారయు, గ్యాంగుమన్ దీపమును ఇంజనీరు గీచిన పటములలో కనబడవు. ఆ పటములు నిలుచునది మాత్రము వానిమీదనే.

ఆ పోషణ సడలినప్పుడు చెరువులు పూడినవి. కొన్నిచోట్ల శిఖములు ఆక్రమణ పాలైనవి, కాలువలు మూసికొనిపోయినవి. తెలంగాణ రాష్ట్రమేర్పడిన పిమ్మట 2015లో మిషన్ కాకతీయ అను పేర 46,531 చెరువుల పునరుద్ధరణ తలపెట్టబడినది. దేవాదుల ఎత్తిపోతల పథకము ఏటూరునాగారము వైపున గోదావరి నీటిని ఎత్తి గొట్టములద్వారా ఈ మెట్ట ప్రాంతమునకు తెచ్చుచున్నది. స్టేషన్ ఘన్‌పూర్‌లోను ఆ పథకపు జలాశయము కలదు. వాననీటిని నిలుపుకొన్న ఊరు నేడు నదినీటిని పైకెత్తుకొనుచున్నది. నీరు పెరిగిన కొలది మత్తడిని గూర్చిన జాగ్రత్తయు పెరుగవలెనని వేరుగా చెప్పనక్కరలేదు.

ఇంజనీరింగు కళయా, శాస్త్రమా యని కొందరు వాదింతురు. లెక్కలు శాస్త్రము, ఏ లెక్కను నమ్మవలెనో, ఎంత మిగులు విడువవలెనో తెలిసికొనుట కళ, ఖర్చు తగ్గింపుమని పదిమంది ఒత్తిడి చేసినప్పుడు ఆ మిగులును విడువక నిలుపుట శీలము. మూడవది లేనిచో మొదటి రెండును వాననాడు అక్కరకు రావు. కాని ఆ శీలము ఇంజనీరు ఒక్కనికే ఉన్న చాలదు. శిఖములో ఇల్లు కట్టుకొనువాడును, మత్తడిపై బస్తాలు పేర్చి నీటిమట్టము పెంచువాడును, కాలువను పూడ్చి బాట వేయువాడును మనలోనివారే. వచ్చు వానకాలమునకు ముందు ఎవరి ఊరి మత్తడిని వారు ఒకమారు పోయి చూచి, దాని దారి తెరచియున్నదో లేదో కనుగొనవలసినదిగా శ్రోతలను కోరుచున్నాము.