నడుమ వరస

ఇంట్లో తెలుగు, మసీదులో నమాజు. కర్నూలు, కడప జిల్లాల్లో దూదేకుల సాయిబులమైన మమ్మల్ని అందరూ అడిగేది ఒకటే: మీరు ఇటా, అటా? ఆ మాటకు మండిపడతాం. ఆడ గుర్తులూ మగ గుర్తులూ కలిసి పుట్టిన బిడ్డను మాత్రం మేమే అదే మాట అడుగుతాం.

ఈ బిడ్డ మా పెద్దలకు కొత్త కాదు. పన్నెండో శతాబ్దంలో మర్గీనానీ రాసిన హనఫీ ధర్మశాస్త్రం 'హిదాయా' చివర ఖున్సాల కోసం ఒక అధ్యాయమే ఉంది. నమాజులో మగాళ్ల వరసకూ ఆడాళ్ల వరసకూ నడుమ నిలబడాలి. ఎటూ తేలకముందే చనిపోతే గుసుల్ బదులు మట్టితో తయమ్ముమ్ చేయించాలి. ఆస్తిలో ఇమామ్ అబూ హనీఫా తక్కువ వాటానే ఇచ్చారు. అది న్యాయమని మేం అనం. అయినా వారసుల లెక్కలో ఉన్నారు, వరసలో ఉన్నారు. ఇంగ్లీషు దొరలైతే 1871 చట్టంతో ఉత్తరాదిన నపుంసకులని పేరెక్కించిన వాళ్లకు వీలునామా, దత్తత హక్కులే లేకుండా చేశారు.

ఖున్సా మాట మా వీధుల్లో పోయింది, కొజ్జా అనే తిట్టు మిగిలింది. (హిజ్రాలందరూ ఖున్సాలు కారు, ఖున్సాలందరూ హిజ్రాలు కారు.) ఇప్పుడు డాక్టర్లు ఇంటర్‌సెక్స్ అంటున్నారు.

పసిబిడ్డలకు ఈ ఆపరేషన్లు కూడదని 2019 ఏప్రిల్‌లో మద్రాసు హైకోర్టు చెప్పింది. ప్రాణం మీదికి వస్తే తప్ప చేయకూడదని ఆగస్టులో తమిళనాడు ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. మేం 1953లో మద్రాసు నుంచి విడిపోయి, కర్నూలు రాజధానిగా రాష్ట్రం తెచ్చుకున్నవాళ్లం. ఆ ఉత్తర్వు మా పెద్దాసుపత్రుల దాకా రాదు. ఇక్కడా అట్లాంటిది కావాలని ముందు అడగాల్సింది మా జమాతులే.