ప్రోగ్రాం కూర్పు సాధనాల కథ

1976లో ఒకనాడు అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో స్టీవ్ జాన్సన్ అనే ప్రోగ్రాం రచయిత తన సహోద్యోగి స్టూవర్ట్ ఫెల్డ్‌మన్ గదిలోకి విసవిస వచ్చి తన గ్రహచారాన్ని తిట్టుకోసాగాడు. ఉదయమంతా ఆయన ఒక ప్రోగ్రాంలో తప్పు వెదుకుతూ గడిపాడు. తీరా చూస్తే అందులో తప్పే లేదు. తప్పును ఆయన అంతకు ముందే దిద్దాడు. దిద్దిన భాగాన్ని యంత్రభాషలోకి మళ్లీ మార్చడం మాత్రం జరగలేదు. యంత్రం పాత ప్రతినే నడుపుతూ, పాత తప్పునే చూపుతూ వచ్చింది. అంతకు ముందు సాయంత్రం ఫెల్డ్‌మన్ కూడా ఇదే చిక్కులో పడి ఉన్నాడు. ఆ వారాంతంలోనే ఆయన ఒక చిన్న సాధనాన్ని తయారుచేశాడు. దాని పేరు 'మేక్'. నేడు వెబ్ పుటలను తయారుచేసేవారు వాడే కూర్పు సాధనాలన్నిటికీ అది పూర్వీకురాలు.

మేక్ చేసిన పని

పుస్తక ముద్రణను తలచుకుంటే ఈ సంగతి సులభంగా బోధపడుతుంది. ఇరవై ఫారాల పుస్తకంలో ఏడవ ఫారంలో ఒక అచ్చుతప్పు దిద్దామనుకోండి. ఆ ఒక్క ఫారం మళ్లీ ముద్రిస్తే చాలు. కాని ఆ దిద్దుబాటు వలన పుటల సంఖ్య మారితే విషయసూచికను కూడా మార్చవలసి ఉంటుంది. అనగా విషయసూచిక అధ్యాయాలపై ఆధారపడి ఉన్నదన్న మాట.

ప్రోగ్రాం కూడా ఇట్టిదే. మనిషి రాసే మూలప్రతి అనేక ఫైళ్లుగా ఉంటుంది. ఒక్కొక్క దానిని కంపైలర్ యంత్రప్రతిగా మారుస్తుంది. తరువాత వాటినన్నిటినీ కలిపి ఒక్కటిగా కూర్చవలె. ఏది దేనిపై ఆధారపడినదో ఒక పట్టికలో రాసి ఇస్తే, మేక్ ఆయా ఫైళ్లు మారిన వేళలను పోల్చి చూస్తుంది. మూలప్రతి వేళ యంత్రప్రతి వేళ కంటె తరువాతిదైతే దానిని మళ్లీ తయారుచేస్తుంది, కాకుంటే ముట్టుకోదు. మారినది ఏది? దాని వలన మళ్లీ చేయవలసినది ఏది? ఈ రెండు ప్రశ్నలే మేక్‌కు ప్రాణం. 2003 సంవత్సరానికి గాను కంప్యూటర్ శాస్త్రజ్ఞుల సంస్థ ఏ.సి.ఎం. ఫెల్డ్‌మన్‌కు సాఫ్ట్‌వేర్ పురస్కారం ఇచ్చి గౌరవించింది.

దిద్దని లోపం

ఇంత చక్కని సాధనంలోనూ ఒక లోపం ఉండిపోయింది. మేక్ పట్టికలో ఆజ్ఞ రాసే ప్రతి పంక్తీ 'ట్యాబ్' అనే గుర్తుతో మొదలు కావలె. దాని బదులు కొన్ని ఖాళీలు వదిలితే కంటికి తేడా కనపడదు గాని, పని నడవదు. ఇది మంచి పద్ధతి కాదని ఫెల్డ్‌మన్ కొద్ది వారాలలోనే గ్రహించాడు. కాని అప్పటికే దానిని సుమారు డజను మంది వాడుతున్నారు. వారిలో ఎక్కువమంది స్నేహితులే. వారి పట్టికలు పాడవుతాయన్న మొగమాటంతో ఆయన దానిని మార్చలేదు. ఆ డజను మంది తరువాత ప్రపంచమంతటా అసంఖ్యాకులైనారు. డజను మందికి తప్పించిన కొద్దిపాటి కష్టాన్ని అప్పటి నుండి ప్రతి కొత్త విద్యార్థీ అనుభవిస్తున్నాడు.

వెబ్ చట్రాలు

1995లో బ్రెండన్ ఐక్ నెట్‌స్కేప్ బ్రౌజర్ కొరకు జావాస్క్రిప్ట్ భాషను రూపొందించినపుడు కూర్పు అవసరమే లేకపోయింది. మూలప్రతిని బ్రౌజర్ స్వయంగా చదివి నడిపేది. క్రమంగా వెబ్ పుటలు పెద్దవైనాయి. ప్రతిసారీ మొదటి నుంచి రాసుకోకుండా, అందరికీ కావలసిన భాగాలను ముందే అమర్చి ఇచ్చే ఫ్రేమ్‌వర్కులు, అనగా చట్రాలు, వచ్చాయి. 2014లో ఇవాన్ యూ విడుదల చేసిన 'వ్యూ' అట్టిదే. అందులో పుట యొక్క రూపాన్ని, అలంకారాన్ని, నడవడిని ఒకే ఫైలులో రాయవచ్చును. రాసేవారికి ఇది సుఖమే. కాని అట్టి ఫైలు బ్రౌజర్‌కు అర్థం కాదు. కనుక మధ్యలో ఒక సాధనం దానిని మార్చి ఇవ్వవలె. అంతేగాక వందల ఫైళ్లను ఒక్కొక్కటిగా తెప్పించుకోవడం ఆలస్యం. వాటిని ఒక మూటగా కట్టి పంపే సాధనాలు ఇందుకే పుట్టాయి. 2012లో తోబియాస్ కోపర్స్ ప్రారంభించిన 'వెబ్‌ప్యాక్' వీటిలో ప్రసిద్ధమైనది. దీనికి ప్రత్యేకంగా పట్టిక రాసి ఇవ్వనక్కర లేదు. ఏ ఫైలు దేనిని కోరుతున్నదో మూలప్రతిలోనే చదివి, ఆధారాల అల్లికను తానే తెలుసుకొంటుంది.

పదకొండు పంక్తులు

ఈ అల్లికలో ఇతరులు రాసిన భాగాలు కూడా వేలకొలదిగా చేరాయి. అవన్నీ 'ఎన్.పి.ఎం.' అనే ఉమ్మడి భాండారంలో ఉంటాయి. 2016 మార్చి 22న ఒక రచయిత, పేరు విషయమై వచ్చిన తగవు వలన, తన భాగాలన్నిటినీ అందులో నుంచి తీసివేశాడు. వాటిలో 'లెఫ్ట్-ప్యాడ్' ఒకటి. పదానికి ఎడమవైపున ఖాళీలు చేర్చడమే దాని పని. మొత్తం 11 పంక్తులు. కాని పేరుపొందిన అనేక ప్రోగ్రాములు, తమకు తెలిసీ తెలియకా, దానిపై ఆధారపడి ఉన్నాయి. వాటి కూర్పు అంతటా నిలిచిపోయింది. కొద్ది గంటలలోనే భాండారంవారు దానిని తిరిగి చేర్చారు. ఆ తరువాత, ఇతరులు వాడుకొంటున్న భాగాన్ని తొలగించడాన్ని కఠినం చేశారు. ట్యాబ్ కథలో మార్చకపోవడం వలన కీడు జరిగింది. ఇక్కడ హఠాత్తుగా మార్చడం వలన జరిగింది.

కూర్చకుండానే నడపడం

వెబ్‌ప్యాక్ పద్ధతిలో మరొక ఇబ్బంది ఉన్నది. రచయిత పని ప్రారంభించాలంటే ముందుగా మూట అంతా కట్టవలె. ప్రోగ్రాం పెరిగినకొద్దీ ఎదురుచూపు కూడా పెరిగింది. ఇంతలో పరిస్థితి మారింది. ఒక ఫైలు మరొక ఫైలును పిలిచే పద్ధతిని 2015లో జావాస్క్రిప్ట్ ప్రమాణంలోనే చేర్చారు; 2017, 2018లలో ప్రధాన బ్రౌజర్లు దానిని గ్రహించడం నేర్చాయి. 2020లో ఇవాన్ యూ దీనిని ఆసరా చేసుకొని 'వీట్' అనే సాధనాన్ని తెచ్చాడు. ఫ్రెంచి భాషలో ఆ మాటకు 'త్వరగా' అని అర్థం. ఇది పని వేళలో సొంత ఫైళ్లను మూట కట్టదు. బ్రౌజర్ అడిగిన ఫైలును అడిగినప్పుడే మార్చి ఇస్తుంది. రచయిత ఒక ఫైలును దిద్దితే దానికి సంబంధించినంత మేరకే కొత్తది పంపుతుంది. ఇతరుల భాగాలను మాత్రం ముందుగానే కలిపి ఉంచుతుంది. లేకుంటే ఒక్కొక్క గ్రంథాలయం కొరకే వందల ఫైళ్లు తెప్పించవలసి వచ్చేది. ఆ పనికి గో భాషలో రాసిన 'ఇఎస్‌బిల్డ్' సాధనం తోడ్పడింది.

ఈ మేలు వెంట ఒక కొత్త చిక్కు వచ్చింది. పాఠకులకు పంపే తుది ప్రతిని 'రోలప్' అనే వేరొక సాధనం కూర్చేది. ఒకే మూలప్రతిని రెండు చేతులు మలచినపుడు, రచయిత బల్లపై సరిగా నడిచినది పాఠకుని వద్ద వేరుగా నడవవచ్చును. రెండు పనులకూ ఒకటే సాధనం ఉండవలెనని 'రోల్‌డౌన్' నిర్మాణానికి పూనుకొన్నారు. రస్ట్ భాషలో రాసిన దాని మూలప్రతిని 2024లో అందరికీ విడుదల చేశారు.

సాధనాల వేగం ఎంతగానో పెరిగింది. ప్రశ్న మాత్రం 1976 నాటిదే. నేను రాసినదీ, యంత్రం నడుపుతున్నదీ ఒకటేనా? కాదన్న సంగతి తెలియకపోతే ఎంతటి నిపుణుని ఉదయమైనా వృథా అవుతుంది. విద్యార్థులు ఈ చరిత్ర నుండి మరొకటి కూడా నేర్చుకోవచ్చును: మన పనిలో లోపం కనిపించినపుడు, దానిని వాడేవారు డజను మంది ఉన్నప్పుడే దిద్దవలె, వేలమంది ఆధారపడిన తరువాత దిద్దవలసి వస్తే, వారికి ముందుగా తెలిపి, దారి చూపి మరీ దిద్దవలె.